జగ్జీవన్ రామ్: రైలు, రేషన్, రిజర్వేషన్

రేషన్ బియ్యం ఎందుకు ఆలస్యమైంది, రైళ్లకు జనరల్ బోగీలు ఎందుకు పెంచరు, ప్రమోషన్లలో రోస్టర్ ఎందుకు పాటించరు? మన హాస్టల్ గదుల్లో, యూనియన్ ఆఫీసుల్లో, టీ బంకుల దగ్గర రోజూ నడిచే వాదనలు ఇవే. ఆహారం, రైల్వే, కార్మికం అనే మూడు శాఖలనూ నడిపిన దళిత మంత్రి ఒకరున్నారు. మన ఊళ్లలో చాలాచోట్ల ఆయన విగ్రహం ఉంది. ఏప్రిల్ 5న ఆయనకు దండ వేస్తాం, 14న బాబాసాహెబ్‌కు వేస్తాం. కొన్ని ఊళ్లలోనైతే ఒక పేటకు ఒకరు, ఇంకో పేటకు ఇంకొకరు అని విగ్రహాలను కూడా పంచేసుకున్నాం. ఆ మంత్రి ఏ కుర్చీలో కూర్చుని ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు అన్న చర్చ మాత్రం మన సభల్లో తక్కువే.

జగ్జీవన్ రామ్ 1908 ఏప్రిల్ 5న బీహార్‌లోని ఆరా దగ్గర చంద్వా గ్రామంలో, చమార్ కుటుంబంలో పుట్టారు. తండ్రి శోభీరామ్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చి, శివనారాయణి పంథాలో మహంతుగా ఉన్నారు. ఆయన తొందరగా చనిపోవడంతో చదివించే భారం తల్లి వాసంతీదేవి మీద పడింది. ఆరా స్కూల్లో హిందూ పిల్లలకు ఒక నీళ్ల కుండ, ముస్లిం పిల్లలకు ఒక కుండ ఉండేవి. ఈ పిల్లాడు హిందువుల కుండలో నీళ్లు తాగాడని గొడవైంది. హెడ్మాస్టరు అంటరానివాళ్ల కోసం మూడో కుండ పెట్టించారు. జగ్జీవన్ దాన్ని పగలగొట్టాడు. మళ్లీ పెడితే మళ్లీ పగలగొట్టాడు. చివరికి మూడో కుండ పెట్టడమే మానేశారు.

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ వచ్చింది కానీ మెస్‌లో ఆయన తిన్న కంచం కడగడానికి పనివాళ్లు ఒప్పుకోలేదు, జుట్టు కత్తిరించడానికి మంగలి రాలేదు. అక్కడి నుంచి కలకత్తా వెళ్లి 1931లో బీఎస్సీ పూర్తి చేశారు.

ఆయన రాజకీయం మొదటినుంచీ కాంగ్రెస్ లోపలిదే. 1935లో డిప్రెస్డ్ క్లాసెస్ లీగ్ ఏర్పాటులో ఉన్నారు. 1937లో బీహార్‌లో ఖేత్ మజ్దూర్ సభ పెట్టారు. అప్పటికే అక్కడ స్వామి సహజానంద సరస్వతి కిసాన్ సభ బలంగా ఉంది. రైతు బాగుపడితే కూలీ కూడా బాగుపడతాడన్న లెక్క జగ్జీవన్ రామ్‌కు నచ్చలేదు. కూలీకి కూలి ఇవ్వాల్సింది ఆ రైతే కదా. ఈ వాదన ఇప్పటికీ పాతబడలేదు. మన జిల్లాల్లో రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు ఒకే వేదిక ఎక్కినప్పుడల్లా ఇదే ప్రశ్న లేస్తుంది. భూస్వాములున్న కాంగ్రెస్‌లోనే ఉండి కూలీల సంఘం పెట్టడం మీద అప్పుడూ అనుమానాలున్నాయి. ఆ అనుమానాలను మనం కొట్టిపారేయలేం.

అంబేద్కర్‌తో తేడా కూడా ఇక్కడిదే. బాబాసాహెబ్ వేరే పార్టీ, వేరే గొంతు కావాలన్నారు. జగ్జీవన్ రామ్ పెద్ద పార్టీ లోపల చోటు కావాలనుకున్నారు. 1946లో మధ్యంతర ప్రభుత్వం ఏర్పడినప్పుడు కాంగ్రెస్ తన తరఫున దళిత ప్రతినిధిగా ఆయన్నే పంపింది. అంబేద్కర్ ముందు నిలబెట్టడానికి కాంగ్రెస్‌కు ఒక దళిత నాయకుడు కావాలి. ఆ అవసరం లేకపోతే ఆ కుర్చీ అంత తొందరగా వచ్చేది కాదని మా అభిప్రాయం. అయితే ఆ కుర్చీలో జరిగిన ఒక పని విగ్రహాలు పంచుకునే వాళ్లందరికీ తెలియాలి. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ 1946 ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లును ప్రవేశపెట్టారు. కొద్ది నెలలకే ఆయన ఆ పదవి నుంచి వెళ్లిపోయారు. అదే శాఖకు వచ్చిన జగ్జీవన్ రామ్ హయాంలో 1948లో అది చట్టమైంది. ఆ చట్టం షెడ్యూల్లో వ్యవసాయ పనులు కూడా ఉండేవి. అంటే పొలంలో వంగి నాటు వేసే మనిషికి ఇంత కంటే తక్కువ ఇవ్వకూడదన్న మాట ఈ దేశ చట్టాల్లోకి ఆ ఇద్దరి చేతుల మీదుగా వచ్చింది.

1952 నుంచి కమ్యూనికేషన్ల శాఖ చూశారు. 1953లో ప్రైవేటు విమాన సంస్థలను జాతీయం చేసింది ఈ శాఖే. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన సంస్థల్లో మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఉంది.

1956 నవంబర్‌లో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. డిసెంబర్‌లో రైల్వే శాఖ జగ్జీవన్ రామ్‌కు వచ్చింది. 1962 వరకు ఆయనే మంత్రి. రైల్వే అంటే అప్పటికి దేశంలో అతి పెద్ద ఉద్యోగ సంస్థ. మన వాళ్లు అందులో ఉన్నారు, అయితే ఎక్కువ మంది చీపురు పట్టుకునో, పట్టాల మీద గ్యాంగ్ పనిలోనో ఉన్నారు. 1959 ఏప్రిల్, జూన్ నెలల్లో రైల్వే బోర్డు రెండు సర్క్యులర్లు ఇచ్చింది. సెలెక్షన్ పోస్టుల్లో, అంటే పై మెట్టు ఎక్కే చోట కూడా ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ అన్నది వాటి సారాంశం. దక్షిణ రైల్వే ఉద్యోగి రంగాచారి కోర్టుకు వెళ్లారు. మద్రాస్ హైకోర్టు సర్క్యులర్లను కొట్టేసింది. రైల్వే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1961 ఏప్రిల్ 28న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు రిజర్వేషన్ వైపు నిలిచారు, ఇద్దరు వ్యతిరేకించారు. రాజ్యాంగం చెప్పిన నియామకం అనే మాటలో ప్రమోషన్ కూడా ఉందని తేలింది. లా చదివే మన విద్యార్థులకు రంగాచారి కేసు పేరు తెలుసు. ఆ సర్క్యులర్లు వచ్చిన రోజుల్లో రైల్వే మంత్రి ఎవరన్నది మాత్రం చాలామందికి తెలియదు.

అదే శాఖలో రెండో పక్క కూడా చూడాలి. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేస్తే, నెహ్రూ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి అణచివేసింది. ఆ ప్రభుత్వంలో రైల్వే మంత్రి, ఒకప్పటి కార్మిక మంత్రి, ఈయనే. బోగీల మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదకు పడే ఏర్పాటు కూడా మారలేదు. స్టేషన్లలో ఆ మలం ఎత్తింది ఏ కులాల వాళ్లో చెప్పనక్కర్లేదు. పై మెట్టుకు దారి తెరిచిన శాఖే కింది మెట్టు మీది మనిషి చేతిలో చీపురును అలాగే ఉంచింది.

1967 మార్చిలో ఆహార, వ్యవసాయ శాఖ వచ్చింది. వరసగా రెండేళ్ల కరువు నడుస్తోంది. 1965-66లో దేశం పండించిన తిండిగింజలు 7.2 కోట్ల టన్నులు. 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నారు. అందులో ఎక్కువ భాగం పీఎల్-480 కింద వచ్చిన అమెరికా గోధుమ. ఆయన మంత్రి అయిన మరుసటి నెలలోనే సొంత రాష్ట్రం బీహార్‌లో అధికారికంగా క్షామం ప్రకటించారు. గోదాము ఒక చోట, ఆకలి ఇంకో చోట ఉంటే మధ్యలో నడవాల్సింది రైలు. ఓడరేవు నుంచి పాలము, గయ దాకా గోధుమ చేరాలంటే వ్యాగన్లు కావాలి. ఆహార సమస్య సగం రవాణా సమస్యేనని రైల్వే నడిపిన మనిషికి వేరే చెప్పాలా?

1967-68లో పంట 9.5 కోట్ల టన్నులకు పెరిగింది. గోధుమ ఒక్కటే 1.1 కోట్ల నుంచి 1.6 కోట్ల టన్నులు దాటింది. 1968లో పంజాబ్‌లో గింజలు పోయడానికి చోటు లేక బడులు మూసి నింపారు. కొత్త విత్తనం, ఎరువు, ధర విధానానికి పునాది వేసింది ఆయన ముందున్న సి. సుబ్రహ్మణ్యం. ఫలితం చేతికొచ్చిన రోజుల్లో శాఖ నడిపింది జగ్జీవన్ రామ్. ఘనత ఒకరికే కట్టబెట్టే పొగడ్తలు మనకొద్దు.

గింజలు పెరిగిన ఆ ఏళ్లలోనే కూలీ ఇంట ఏం జరిగిందో కూడా రాయాలి. ఫుడ్ కార్పొరేషన్ తన మొదటి జిల్లా కార్యాలయం తెరిచింది తంజావూరులో, 1965లో. అదే తంజావూరు జిల్లా కీలవెన్మణిలో, 1968 డిసెంబర్ 25 రాత్రి, కూలి పెంచమన్నందుకు 44 మంది దళితులను గుడిసెలో కాల్చి చంపారు. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. భూస్వాములు చివరికి హైకోర్టులో బయటపడ్డారు. అదే 1968లో మన కృష్ణా జిల్లా కంచికచర్లలో దొంగతనం మోపి కోటేశును సజీవంగా తగలబెట్టారు. ఇరవై ఏళ్ల కిందటే కనీస వేతనాల చట్టం వచ్చింది. ఆ చట్టం నాటి మంత్రే ఇప్పుడు దేశానికి ఆహార మంత్రి. భూమి పంపకం, కూలి రేటు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. రాష్ట్రాలు భూస్వాముల చేతిలో ఉన్నాయి. కుర్చీ లోపలి రాజకీయం ఇక్కడికి వచ్చి ఆగిపోయింది.

తర్వాతి కథ పుస్తకాల్లో ఎక్కువగా దొరుకుతుంది. 1971 యుద్ధంలో రక్షణ మంత్రి. 1975లో ఎమర్జెన్సీ ఆమోద తీర్మానాన్ని లోక్‌సభలో పెట్టింది ఆయనే, ఆ మచ్చ పోదు. 1977 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌ను వదిలి బయటికొచ్చారు. 1978 జనవరిలో, మళ్లీ రక్షణ మంత్రిగా, వారణాసిలో సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన వెళ్లిపోయాక అగ్రకుల విద్యార్థులు ఆ విగ్రహాన్ని గంగ నీళ్లతో కడిగారు.

రాష్ట్రపతి భవన్ ఆయన జీవితంలోకి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మన నీలం సంజీవరెడ్డే అక్కడున్నారు. 1969 బెంగళూరు సమావేశాల్లో రాష్ట్రపతి అభ్యర్థిగా ఇందిర జగ్జీవన్ రామ్ పేరు పెడితే, పార్టీ పెద్దలు సంజీవరెడ్డిని ఎంచుకున్నారు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్ రాజీనామా చేశాక, జనతా పార్టీ నాయకుడిగా ఉన్న జగ్జీవన్ రామ్‌ను ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలవకుండానే రాష్ట్రపతి సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. దళితుడు ప్రధాని అయ్యే దారి అక్కడ మూసుకుపోయింది.

1986 జూలై 6న చనిపోయేనాటికి ఆయన ససారాం ఎంపీ. ఆరేళ్ల తర్వాత, మండల్ కేసు తీర్పులో, ప్రమోషన్లలో రిజర్వేషన్ చెల్లదంటూ సుప్రీంకోర్టు రంగాచారి తీర్పును పక్కన పెట్టింది. ఆ 1959 సర్క్యులర్లు ఇచ్చిన హక్కును నిలబెట్టడానికి 1995లో రాజ్యాంగాన్ని 77వ సారి సవరించాల్సి వచ్చింది.