మందు సీసా మీద లేని పేరు

సంక్రాంతి వెళ్లాక మా కె.కోటపాడులో చిన్నాన్న కొడుక్కి మోకాలు వాచింది. కబడ్డీ దెబ్బ అనుకున్నాం. విశాఖలో బయాప్సీ చేసి ఆస్టియోసార్కోమా అన్నారు. పిల్లలకి ఎదిగే వయసులో అరుదుగా వచ్చే ఎముక క్యాన్సర్. వాడికి ఎక్కిస్తున్న పసుప్పచ్చటి మందు పేరు చదివాను: మెథోట్రెక్సేట్. దాని పుట్టుక వెతుక్కుంటూ పోతే భీమవరం తేలాను.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న అక్కడ పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (బ్యాక్‌లాగులున్నవాళ్లు గమనించగలరు). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు తక్కువరకం ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు.

1922లో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ చదివారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపెట్టారు. ఇంటర్లో మనం బట్టీపట్టిన ఏటీపీయే! అయినా అక్కడ పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. 1945కి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసింది. స్ప్రూకి అదే మందు. అన్నగారికి మాత్రం అందలేదు.

తర్వాత అదే పనిని తిరగేశారు. కణం రెండవ్వాలంటే డీఎన్ఏ కాపీ అవ్వాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలాగే ఉండి పని చెయ్యని నకిలీలను ఆయన బృందం తయారుచేసింది. 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని లుకేమియా పిల్లలకిచ్చి చూశారు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. 1970లలో పెద్ద డోసుల్లో ఎముక క్యాన్సర్‌కి వచ్చింది. మర్నాటి నుంచి ల్యూకోవోరిన్ ఇచ్చి మంచి కణాల్ని కాపాడతారు. అదీ ఫోలిక్ యాసిడ్ కుటుంబమే. విషం, విరుగుడు రెండూ ఒకే ఇంటివన్నమాట.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన పోయారు. ఇండియాకి మళ్లీ రాలేదు, భార్య శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. డీఎన్ఏ ఆకారం తెలిసింది 1953లో.

ఇది వంశంలో ఉందా అని మా నానమ్మ అడుగుతూనే ఉంది. డాక్టరు గారూ అదే అడిగారు: ఇంట్లో ఎవరికైనా పసితనంలో కంటి క్యాన్సర్, చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చాయా అని. ఆర్‌బీ1, టీపీ53 జన్యువుల్లో పుట్టుకతోనే లోపముంటే ఈ రిస్కు బాగా పెరుగుతుందట. ఎక్కువమంది పిల్లల్లో అలాంటిదేం దొరకదట కూడా. మావాడి రక్తం టెస్టుకి పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు. వాడికి పదేళ్ల చెల్లెలుంది.