ఎగరడం వచ్చింది, దిగడమే కష్టమైంది!

సైకిలు నేర్చుకునే వాడికి ఎక్కడం ముందు వస్తుంది, దిగడం ఆ తరువాత. విమానానిదీ అదే తంతు. నేల ఇంకా ఎంత దూరముందో కంటితోనే అంచనా కట్టి ముక్కు పైకెత్తాలి. తొందరపడితే విమానం పైనుంచి చతికిలబడుతుంది. ఆలస్యమైతే నేలకు తగిలి బంతిలా ఎగిరిపడుతుంది. ఈ ఒడుపు చాలాకాలం చిక్కని వారిలో జగత్ప్రసిద్ధి చెందిన ఎమీ జాన్సన్ ఒకరు.

ఈమె 1903 జూలై 1న ఇంగ్లండులోని హల్ రేవు పట్టణంలో చేపల వర్తకుని ఇంట జన్మించింది. షెఫీల్డులో బి.ఏ. చదివి, లండన్‌లో న్యాయవాదుల ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. 1928 సెప్టెంబరులో స్టాగ్ లేన్‌లోని విమాన క్లబ్బులో పాఠాలు మొదలుపెట్టగా, తొలి పాఠానికే శిక్షకుడు పెదవి విరిచాడు. మామూలుగా ఎనిమిది, పది గంటల శిక్షణతో ఒంటరిగా వదిలేవారు. ఈమెకు సుమారు 16 గంటలు పట్టింది. అయినా వదలక, ఇంజను మరమ్మతు సైతం నేర్చి 1929లోనే గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు పొందింది. బ్రిటిష్ మహిళల్లో ఆమే ప్రథమురాలు.

తండ్రి కొంత, నూనె కంపెనీ అధిపతి వేక్‌ఫీల్డ్ ప్రభువు కొంత ఇవ్వగా 600 పౌన్లకు పాత జిప్సీ మాత్ విమానం కొని జేసన్ అని పేరుపెట్టింది. అంతకుముందు ఆమె చేసిన అతి దూర ప్రయాణం లండన్ నుంచి హల్ వరకే. 1930 మే 5న ఏకంగా ఆస్ట్రేలియాకు బయలుదేరింది!

ఆరో రోజునే కరాచీ చేరి రికార్డు నెలకొల్పింది. మర్నాడు అలహాబాదు పోతూ, పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. ఆ విమానానికి బ్రేకులు లేవు. తోక కింది స్కిడ్ నేలను రాచుకుంటేనే వేగం తగ్గేది. అది ఆగక బారకాసుల మధ్యకు దూసుకుపోయి రెక్క దెబ్బతింది. అక్కడివారు సరిచేసి మర్నాడే సాగనంపారు.

మే 13న రంగూన్‌లో అంతకంటె పెద్ద ప్రమాదం జరిగింది. మన కోస్తా కూలీలు రంగం అంటూ పొట్ట చేతబట్టుకుని పోయిన ఊరే అది. వానలో గుర్రప్పందేల మైదానం కనబడక, ఇన్‌సీన్ టెక్నికల్ విద్యాలయం ఆటస్థలంలో దిగి గోతిలో పడింది. ప్రొపెల్లరు, చక్రాల చట్రం, రెక్క దెబ్బతిన్నాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు పూనుకున్నారు. రెక్కకు వేసే గుడ్డ దొరకలేదు. యుద్ధంలో మిగిలిన విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలుంటే, వాటి కుట్లు విప్పి అతికారు. రెండు రోజులకు పైగా పోయాయి. అక్కడితో రికార్డు ఆశ సన్నగిల్లింది.

మే 24న డార్విన్ చేరింది. బెర్ట్ హింక్లర్ 1928లో పదిహేనున్నర రోజుల్లో చేరగా, ఈమెకు పంతొమ్మిదిన్నర రోజులు పట్టాయి. అయినా ఆ దారిలో ఒంటరిగా వెళ్లిన మొదటి స్త్రీ ఆమే. అయిదు రోజుల తరువాత బ్రిస్బేన్‌లో, స్వాగతానికి వేచి ఉన్న జనం కళ్లముందే విమానం కంచె తగిలి తలకిందులయింది! అదృష్టవశాత్తు ఆమెకు ప్రాణాపాయం తప్పింది.

1941 జనవరి 5న, యుద్ధకాలంలో విమానం చేరవేస్తూ దారి తప్పి, థేమ్స్ ముఖద్వారంలో పారాచూట్‌తో దూకింది. రక్షించబోయి చలినీటిలోకి దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా మరణించాడు. ఆమె శవం దొరకలేదు. జేసన్ విమానం మాత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.