జెరోముగారికి బైబులు ఎప్పుడు రుచించింది?



పునీత జెరోముగారి పటం మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్లని గడ్డం, ఎముకలు తేలిన ఒళ్లు, గోడకు వేలాడే ఎర్ర టోపీ, కాళ్ల దగ్గర పడుకున్న సింహం. ఎర్ర టోపీ కార్డినళ్ల గుర్తు. జెరోముగారి కాలంలో, అంటే నాలుగవ శతాబ్దంలో, ఎర్ర టోపీ పెట్టే కార్డినళ్లు లేనే లేరు. సింహం కాలిలోని ముల్లు తీసిన కథ గెరాసిము అనే మరో సన్యాసిది. పేర్లు దగ్గరగా ఉన్నందువల్ల ఈయనకు అంటుకుంది. ఆ పటంలో నిఖార్సైన సంగతి ఒక్కటే, ఆయన ముందు తెరచి ఉన్న పుస్తకం.

అయితే ఆ పుస్తకం ఆయనకు మొదట్లో నచ్చలేదని మీకు తెలుసా? శ్రీసభకు లాతీను బైబులును అందించిన మనిషికే ఒకప్పుడు బైబులు చదవాలంటే విసుగు పుట్టేది.

ఇళ్లు మంత్రించడానికి వెళ్లినప్పుడు బైబులు తీసుకురమ్మని అడుగుతాను. కొన్ని ఇళ్లలో అద్దాల బీరువా తాళంచెవి కోసం వెతుకులాట మొదలవుతుంది. తీరా తీస్తే అది పెళ్లినాడు కానుకగా వచ్చిన బైబులు. అంచులకు పూసిన బంగారు రంగు చెదరలేదు, పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. ఆ ఇంటివారు సిగ్గుపడుతూ, చదవడం మొదలుపెట్టాం కానీ సాగలేదు ఫాదర్ అంటారు. ఈ వారం కథ వారి కోసమే.

జెరోముగారు 347 ప్రాంతంలో, ఇటలీకి ఈశాన్యపు సరిహద్దులో ఉన్న స్ట్రిడోను అనే ఊరిలో పుట్టారు. కలిగిన కుటుంబం, క్రైస్తవ కుటుంబం. చదువు కోసం కొడుకును రోముకు పంపారు. అక్కడ దొనాతు అనే పేరుపొందిన వ్యాకరణ పండితుని దగ్గర లాతీను చదువుకున్నారు. ఆదివారాలు స్నేహితులతో కలసి వేదసాక్షుల సమాధులున్న చీకటి సొరంగాలలోకి వెళ్లి వచ్చేవారు. జ్ఞానస్నానం కూడా రోములోనే పొందారు. అప్పుడు అచ్చు యంత్రం లేదు, పుస్తకం కావాలంటే చేత్తో రాసుకోవాల్సిందే. అలా ఎంతో శ్రమపడి ఆయన తనకంటూ ఒక గ్రంథాలయం కూర్చుకున్నారు. అందులో సిసెరో ప్రసంగాలూ, ప్లౌతు నాటకాలూ ఆయనకు ప్రాణం.

సన్యాస జీవితం గడపాలని ఇల్లు, బంధువులు, మంచి భోజనం అన్నీ విడిచి తూర్పు దేశాలకు బయలుదేరారు. పుస్తకాలను మాత్రం విడవలేకపోయారు. ఉపవాసం ఉండేవారు, రాత్రిళ్లు కన్నీటితో ప్రార్థించేవారు, ఆ తరువాత సిసెరో పుస్తకం తెరిచేవారు. ఎప్పుడైనా మనసు మళ్లించుకుని ప్రవక్తల గ్రంథం పట్టుకుంటే ఆ భాష మొరటుగా, నాగరికత లేనిదిగా కనిపించేది. తప్పు తన కళ్లది కాదు, సూర్యునిది అనుకునేవాణ్ణని తరువాత ఆయనే ఒప్పుకున్నారు.

నేను పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిలు కోసం దీపం ఆర్పేవరకు మేలుకునేవాణ్ణి, సంఖ్యాకాండం తెరిస్తే మూడో పేజీకి నిద్ర వచ్చేది. కాబట్టి ఈ విషయంలో జెరోముగారిని వేలెత్తి చూపే అర్హత నాకు లేదు.

374 ప్రాంతంలో ఆయన అంతియోకియాలో ఉన్నారు. తపస్సుకాలం సగం గడిచింది. వెంట వచ్చిన ఒక స్నేహితుడు జ్వరంతో చనిపోయాడు. జెరోముగారు కూడా మంచం పట్టారు. ఆ జ్వరంలో ఒక కల. న్యాయపీఠం ముందుకు తనను ఈడ్చుకువెళ్లారట. నీవెవరు అని అడిగితే క్రైస్తవుణ్ణి అని జవాబిచ్చారట. అది అబద్ధమనీ, సిసెరో శిష్యుడివే గాని క్రీస్తు శిష్యుడివి కావనీ తీర్పు చెప్పి కొరడాలతో కొట్టించారట. మేలుకున్నాక ఒంటి మీద దెబ్బలు ఉన్నట్టే అనిపించిందని రాసుకున్నారు. ఇక అన్య గ్రంథాలు ముట్టనని ఆ కలలోనే ఒట్టు పెట్టుకున్నారు.

ప్రసంగాలలో ఈ కథను సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాం. జరిగింది అంత సులువు కాదు. ఆ తరువాత కూడా ఆయన రచనల్లో సిసెరో, వర్జిలు కనిపిస్తూనే ఉన్నారు. ఒకప్పటి ప్రాణస్నేహితుడు రుఫీను పగవాడైనప్పుడు, ఒట్టు ఏమైందని నలుగురిలో ఎత్తిపొడిచాడు. కల కల్లే కదా అని జెరోముగారు సమర్థించుకోవలసి వచ్చింది. ఒక్క రాత్రి భయం మనిషిని కదిలిస్తుంది గాని, మరుసటి వారం అతని చేత పుస్తకం తెరిపించలేదు. ధ్యానకూటాల నుంచి తిరిగి వచ్చిన మనకు ఈ సంగతి తెలియనిది కాదు.

అలవాటు మాత్రం సిరియా దేశపు కాల్సిసు ఎడారిలో పడింది. అక్కడ ఎండకు మాడుతూ, ఒంటరిగా ఉన్న ఆయన మనసు రోము నగరపు వినోదాల చుట్టూ తిరిగేది. దానిని కట్టడి చేయడానికి, యూదమతం నుంచి క్రైస్తవుడైన ఒక సన్యాసి దగ్గర హెబ్రీ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సిసెరో వాక్యాల తియ్యదనానికి అలవాటు పడిన మనిషి చిన్నపిల్లవాడిలా అక్షరాలు దిద్దారు, గొంతులోంచి బుసకొట్టే శబ్దాలు పలకడం సాధన చేశారు. ఎన్నోసార్లు ఇక నావల్ల కాదని వదిలేశారు, మళ్లీ మొదలుపెట్టారు. ఆ చేదు విత్తనం నుంచే తరువాత తీపి పండ్లు తిన్నానని వృద్ధాప్యంలో రాశారు. ఇష్టం కలిగాక చదువుదామని ఆయన కూర్చోలేదు. చదవగా చదవగా ఇష్టం ఆయన దగ్గరకు వచ్చింది.

అంతియోకియాలో గురుపట్టం పొంది, కాన్‌స్టాంటినోపులులో పునీత నాజియాంజు గ్రెగోరిగారి దగ్గర కొంతకాలం నేర్చుకుని, 382లో రోముకు తిరిగి వచ్చారు. పోపు దమాసుగారు ఆయనను కార్యదర్శిగా పెట్టుకుని లాతీను సువిశేషాలను సరిదిద్దే పని అప్పగించారు. అప్పటి ప్రతులు ఒకదానితో ఒకటి పొసిగేవి కావు.

రోములో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అవెంతీను కొండ మీద మార్సెల్లా అనే విధవరాలి ఇల్లు. పెళ్లయిన ఏడు నెలలకే భర్త పోయాడు. మళ్లీ పెళ్లి మాట తలపెట్టక, తన మేడను ప్రార్థనా గృహం చేసింది. జెరోముగారు మొదట పెద్దింటి స్త్రీలకు ఎదురుపడడానికి జంకారు. ఆమె వదలలేదు. ఆయన కనిపించినప్పుడల్లా దివ్యగ్రంథం నుంచి ఒక సందేహం సిద్ధంగా ఉండేది. చెప్పిన జవాబుకు ఊరికే తలూపేది కాదు, వాదించి తేల్చుకునేది. ఆమెన్, అల్లెలూయా అనే హెబ్రీ మాటలకు అర్థమేమిటో కూడా అడిగింది. ఆదివారం పూజలో మనం ఎన్నిసార్లు అంటామో చూడండి ఆ మాటలు! ఎప్పుడైనా ఎవరినైనా అడిగామా?

ఆ బృందంలోనివారే పౌలా అనే మరో విధవరాలు, ఆమె కుమార్తెలు బ్లేసిల్లా, యుస్తోకియా. 384లో బ్లేసిల్లా చిన్న వయసులోనే చనిపోయింది. కఠిన ఉపవాసాలే ఆమెను చంపాయని రోము జనం జెరోముగారి మీద మండిపడ్డారు. అంత్యక్రియల ఊరేగింపులో సొమ్మసిల్లి పడిపోయిన ఆ తల్లికి ఆయన ఓదార్పు ఉత్తరం రాశారు గాని, అందులో అతిగా ఏడుస్తున్నావని మందలింపు కూడా ఉంది. పునీతుడే అయినా ఇక్కడ ఆయన వైపు మాట్లాడలేను. నోరు దురుసు, కోపం ముక్కు మీద. దమాసుగారు కూడా కన్నుమూశాక నిందలు పెరిగి, 385లో రోము విడిచి వెళ్లిపోయారు.

పౌలా, యుస్తోకియా తరువాత ఆయనను కలుసుకున్నారు. 386లో ముగ్గురూ బెత్లెహేములో స్థిరపడ్డారు. పౌలా తన సొమ్ముతో మఠాలూ, యాత్రికులకు సత్రమూ కట్టించింది. ఆమె మఠంలో కన్యస్త్రీలందరికీ కీర్తనలు వచ్చి తీరాలి. అంతేకాదు, ప్రతి ఒక్కరూ దివ్యగ్రంథం నుంచి ప్రతిదినం కొంత భాగం నేర్చుకోవాలి. పౌలా కూడా హెబ్రీ నేర్చుకుని కీర్తనలను ఆ భాషలోనే పాడేది. తనకూ కుమార్తెకూ పాత, కొత్త నిబంధనలు మొత్తం చదివి వివరించమని జెరోముగారిని పట్టుబట్టింది. ఏదైనా భాగం తనకు తెలియదని ఆయన అంటే ఊరుకునేది కాదు, పలువురి అభిప్రాయాలలో ఏది సబబో చెప్పమనేది. సుమారు 390 నుంచి 405 వరకు ఆయన హెబ్రీ మూలం నుంచి పాత నిబంధనను లాతీనులోకి తెచ్చారు. ఆ పని వెనుక ఈ తల్లీకూతుళ్ల ప్రశ్నలు చాలా ఉన్నాయి.

ఇక తల్లిదండ్రులైన మీకు పనికివచ్చే సంగతి. పౌలా కోడలు లేతా రోములో ఉండేది. భర్త క్రైస్తవుడు, తండ్రి మాత్రం రోమా దేవతల పూజారి. ఆమెకు ఆడపిల్ల పుట్టింది, నాయనమ్మ పేరే పౌలా అని పెట్టుకున్నారు. బిడ్డను ఎలా పెంచాలని అడిగితే 403 ప్రాంతంలో జెరోముగారు రాసిన ఉత్తరం ఈనాటికీ ఉంది. చెక్కతోనో దంతంతోనో అక్షరాలు చేయించి పాపకు ఆటవస్తువులుగా ఇమ్మన్నారు. తోటిపిల్లలతో కలిపి చదివించాలి, బాగా చదివితే బహుమతి ఇవ్వాలి, వెనకబడితే తిట్టకూడదు. చిన్నప్పుడు చదువంటే ఏవగింపు కలిగితే పెద్దయ్యాక కూడా పోదని హెచ్చరించారు. తాతగారి ఒళ్లో ఎక్కి, ఆయనకు ఇష్టం లేకపోయినా, అల్లెలూయా పాడాలట ఆ పాప! మన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ఇటువంటి తాతగారు ఉన్న ఇళ్లు ఎన్నో.

ప్రతిదినం దివ్యగ్రంథంలో కొంత భాగం తల్లికి అప్పజెప్పాలి. దేనితో మొదలుపెట్టాలి? మనం ఆదికాండంతో ఉత్సాహంగా మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోతాం. జెరోముగారు చెప్పిన వరుస వేరు. ముందు కీర్తనలు. తరువాత సామెతలు, ఉపదేశకుడు, యోబు. ఆపైన సువిశేషాలు, వాటిని చేతిలోంచి ఎన్నటికీ దించకూడదు. పిదప అపొస్తలుల కార్యములు, జాబులు. ఇవన్నీ మనసులో నిండాకే ప్రవక్తలు, ధర్మశాస్త్ర గ్రంథాలు, రాజుల చరిత్రలు. పరమగీతం అన్నిటికంటే చివర. పాడగలిగినదీ, ఏడవగలిగినదీ ముందు పెట్టారు. రోజుకొక కీర్తన చదివితే అయిదు నెలల్లో 150 పూర్తవుతాయి. రోజుకొక అధ్యాయం చొప్పున మార్కు సువిశేషానికి 16 రోజులు చాలు. పిల్లల పరీక్షలు, ఇంటికి చుట్టాలు, ఏవో అడ్డం వస్తాయి. రెండు రోజులు తప్పితే మూడోనాడు మళ్లీ తెరవండి. ఎడారిలో హెబ్రీ పుస్తకాన్ని పక్కన పడేసి మళ్లీ పట్టుకున్న మనిషి మీకు తోడు ఉన్నాడు.

2019లో జెరోముగారి పండుగనాడే పోపు ఫ్రాన్సిస్‌గారు సామాన్యకాలపు మూడవ ఆదివారాన్ని దైవవాక్కు ఆదివారంగా నెలకొల్పారు. ఆనాడు గుడిలో బైబులును ఊరేగింపుగా తెస్తాం, ధూపం వేస్తాం. మరునాడు సోమవారం ఉంటుంది కదా, నా దిగులంతా ఆ సోమవారం గురించే.

404లో పౌలా మరణించింది. 410లో గోతులు రోము నగరాన్ని దోచినప్పుడు సైనికులు మార్సెల్లాను కొట్టారు, ఆమె కొద్దికాలానికే కన్నుమూసింది. ఆ వార్తలు విన్న జెరోముగారికి చాలాకాలం కలం కదలలేదు. చూపు మందగించింది. దీపం వెలుతురులో హెబ్రీ అక్షరాలు కనిపించక, గ్రీకు వ్యాఖ్యానాలను తోటి సన్యాసుల చేత చదివించుకుని విన్నారు. ఆ రోజులకే లేతా కూతురు చిన్న పౌలా పెద్దదై బెత్లెహేముకు వచ్చింది. ఆ పిల్లను తన దగ్గరకు పంపితే భుజాల మీద మోసి పెంచుతానని, పలకరాని మాటలు తానే పలికిస్తానని ఆనాటి ఉత్తరంలో ఆయన మాట ఇచ్చి ఉన్నారు. యుస్తోకియా చనిపోయాక మఠం బాధ్యత ఆ చిన్న పౌలాదే అయింది. 420లో జెరోముగారు క్రీస్తు జన్మించిన గుహకు దగ్గరలో కన్నుమూశారు. యిర్మీయా ప్రవచనం మీద రాస్తున్న వ్యాఖ్యానం అప్పటికి 32వ అధ్యాయం దగ్గర ఉంది.