కలలో మేల్కొనిన మార్క్విస్

పారిసు నగరమున 1822లో జన్మించిన మార్క్విస్ ఎర్వే ద సేన్ దెనీ చీనా భాషా విద్వాంసుఁడుగా ఖ్యాతి గాంచెను. 1874లో కొలేజ్ ద ఫ్రాన్సున ఆచార్య పీఠము నలంకరించెను. కాని ఆయన సాహసమంతయు నిద్రలోనే! పదమూడవ యేటనే కలలను వ్రాసియుంచఁ బూనెను. 1946 రాత్రుల కలలతో 22 పుస్తకములు నిండినవి. ఆ యభ్యాసబలమున, ఇది కల యను నెఱుక కలలోనే కలుగఁజొచ్చెను.

ఒక పీడకల ఆయనను పలుమాఱు వేధించెడిది. వికృతాకారములు తఱుముచుండ, తలుపు వెంట తలుపు తెఱచుకొని పరుగిడుటయే ఆ కల. ఒక రాత్రి, కల యని గుర్తించి, పాఱిపోక, గోడకు వీపాన్చి నిలిచి, వానిని తేఱిపాఱఁ జూచెను. చిత్తమును నిలిపి చూచినకొలఁది ఆ భూతములు వ్రేలాడు గుడ్డపేలికలై చెదరిపోయినవి.

1867లో ఈ విద్యను గ్రంథముగా ప్రకటించుచు తన పేరు మాత్రము దాఁచెను. తోడి పండితుల పరిహాసమునకు వెఱచెనేమో! 1892లో గతించెను. స్వప్నములపై ఉద్గ్రంథము రచించిన ఫ్రాయిడునకు, ఎంత యత్నించినను ఆ పుస్తకము లభింపలేదు.