పాఠం 12 : రుక్మిణీదేవి అరండేల్

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• భరతనాట్యంలో తొలి పాఠాలు ఏమిటో చెప్పగలుగుతారు.
• రుక్మిణీదేవి ఈ నాట్యానికి చేసిన సేవను వివరించగలుగుతారు.
• ఆమె తెచ్చిన మార్పులపై ఉన్న భిన్నాభిప్రాయాలను పోల్చి చూడగలుగుతారు.

12.1 బాల్యం, వివాహం

మీరు భరతనాట్య ప్రదర్శన ఎప్పుడైనా చూసే ఉంటారు. నేడు ఎవరి పిల్లలైనా ఈ నాట్యం నేర్చుకోవచ్చు. సుమారు వంద సంవత్సరాల క్రితం పరిస్థితి వేరు. అప్పుడు దీనిని సదిర్ అనేవారు. దేవదాసీ కుటుంబాల స్త్రీలే దీనిని ఆడేవారు. ఆనాటి సమాజం వారి వృత్తిని చిన్నచూపు చూసేది. మిగతా కుటుంబాల ఆడపిల్లలు కాలికి గజ్జె కట్టడమే తప్పు అనుకునేవారు. ఆ అడ్డుగోడను దాటినవారిలో రుక్మిణీదేవి ముఖ్యురాలు.

ఆమె 1904 ఫిబ్రవరి 29న మదురైలో జన్మించింది. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు. ఆయన దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఉద్యోగ విరమణ తరువాత కుటుంబం మద్రాసులోని అడయారులో స్థిరపడింది. అక్కడే రుక్మిణికి జార్జి అరండేల్ అనే ఆంగ్లేయ విద్యావేత్తతో పరిచయమైంది. 1920లో, పదహారేళ్ల వయసులో, ఆమె ఆయనను వివాహం చేసుకుంది. సంప్రదాయ కుటుంబాలలో దీనిపై పెద్ద దుమారం రేగింది.

12.2 నాట్యం వైపు మలుపు

భర్తతో కలిసి ఆమె అనేక దేశాలు తిరిగింది. రష్యాకు చెందిన బాలే నర్తకి అన్నా పావ్లోవాతో స్నేహం కుదిరి, బాలే నేర్చుకోవడం మొదలుపెట్టింది. సొంత దేశపు నాట్యాన్ని వెతకమని పావ్లోవాయే ఆమెకు సలహా ఇచ్చింది. మద్రాసులో సదిర్ ప్రదర్శన చూశాక రుక్మిణీదేవికి తన దారి తెలిసింది. మైలాపూర్ గౌరి అమ్మాళ్ వద్ద, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై వద్ద శిష్యరికం చేసింది. అప్పటికి ఆమె వయసు సుమారు ముప్పై. చిన్ననాడే మొదలుపెట్టవలసిన విద్యను ఆమె ఆ వయసులో మొదటి అడుగు నుండి నేర్చుకుంది.

ఆ మొదటి అడుగు ఏమిటో చూద్దాం. వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లను రెండు పక్కలకు వంచి, సగం కూర్చున్నట్లు నిలబడాలి. దీనిని అరమండి అంటారు. యోగాసనంలో వలెనే ఇక్కడ కూడా శరీరం నిలకడగా నిలవడం ముందు, కదలిక తరువాత. ఆ భంగిమలో పాదాలతో నేలను తట్టడం తట్టడవు. కాలు చాచి మడమను నేలకు ఆనించడం నాట్టడవు. ప్రతి అడవునూ మూడు వేగాలలో సాధన చేయాలి. చేతి ముద్రలూ నేర్చుకోవాలి. అభినయ దర్పణం ప్రకారం ఒంటి చేతి ముద్రలు 28. వీటన్నిటిపై పట్టు వచ్చాకే అలరిప్పు వంటి అంశాలు మొదలవుతాయి.

12.3 కళాక్షేత్రం

1935 డిసెంబరులో అడయారులో జరిగిన దివ్యజ్ఞాన సమాజ వజ్రోత్సవంలో ఆమె తొలి ప్రదర్శన ఇచ్చింది. మరుసటి నెలలోనే, అంటే 1936 జనవరిలో, ఒక కళాసంస్థను స్థాపించింది. అదే కళాక్షేత్రం. తరువాత అది తిరువాన్మియూరుకు మారింది. అక్కడ నాట్యంతో పాటు సంగీతం, నేత, కలంకారీ పనులకు కూడా చోటు దొరికింది. మైసూరు వాసుదేవాచార్యుల వంటి విద్వాంసులు పాఠాలు చెప్పారు. రామాయణ కథను వరుస నృత్యనాటకాలుగా ఆమె రూపొందించింది. తంజావూరు ప్రాంతంలో తెలుగులో ఆడే మేలట్టూరు భాగవతమేళ నాటకాలకు కూడా ఆమె ప్రోత్సాహం ఇచ్చింది.

12.4 రెండు అభిప్రాయాలు

రుక్మిణీదేవి దుస్తులను, వేదికను, దీపాల అమరికను మార్చింది. నర్తకి వెనుక నిలబడి వాయించే వాద్యబృందాన్ని వేదిక పక్కన కూర్చోబెట్టింది. శృంగారం ఎక్కువని తోచిన అంశాలను తగ్గించి, భక్తికి ప్రాధాన్యం ఇచ్చింది.

ఈ చివరి మార్పును తంజావూరు సంప్రదాయ కుటుంబానికి చెందిన గొప్ప నర్తకి బాలసరస్వతి అంగీకరించలేదు. క్షేత్రయ్య పదాల వంటి తెలుగు రచనలలో శృంగారమే ప్రాణమనీ, దానిని శుద్ధి చేయవలసిన అవసరం లేదనీ ఆమె భావం. మరొక విషయం కూడా ఆలోచించండి. దేవదాసీలుగా బాలికలను అంకితం చేయడాన్ని 1947లో మద్రాసు చట్టం నిషేధించింది. ఒక దురాచారం ఆగింది. కానీ నాట్యానికి గౌరవం పెరుగుతున్న కాలంలోనే, తరతరాలుగా దానిని కాపాడిన కుటుంబాల స్త్రీలలో చాలామంది వేదికకు దూరమయ్యారు. రుక్మిణీదేవి సేవను గుర్తించేటప్పుడు వీరిని మరువరాదు.

12.5 ప్రజాజీవితం

1952లో ఆమె రాజ్యసభకు నియమితురాలైంది. జంతువులపై క్రూరత్వాన్ని అరికట్టాలని అక్కడ బిల్లు తెచ్చింది. ఆ కృషి 1960 నాటి చట్టానికి దారితీసింది. 1956లో పద్మభూషణ్ లభించింది. 1977లో రాష్ట్రపతి పదవికి పోటీ చేయమని ప్రధాని మొరార్జీ దేశాయి కోరగా ఆమె ఒప్పుకోలేదు. ఆ సంవత్సరం నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు. రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో మరణించింది. 1993లో పార్లమెంటు చేసిన చట్టం కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

పాఠగత ప్రశ్నలు

1. భరతనాట్యానికి పూర్వపు పేరు ఏమిటి?
2. అరమండిలో శరీరం ఎలా ఉండాలి?
3. రుక్మిణీదేవి, బాలసరస్వతి ఏ విషయంలో విభేదించారు? మీరు ఎవరితో ఏకీభవిస్తారు? కారణాలతో ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు సరిచూసుకోండి

1. సదిర్.
2. వీపు నిటారుగా ఉండాలి. మోకాళ్లు రెండు పక్కలకు వంగాలి.
3. శృంగార అంశాలను తగ్గించే విషయంలో. రెండో భాగానికి జవాబు మీ సొంతం. 12.4ను మరొకసారి చదివి రాయండి.