తెన్నేటి విశ్వనాథం

తెన్నేటి విశ్వనాథం (1895 – నవంబరు 10, 1979) స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, రచయిత, ఆంధ్ర రాష్ట్ర తొలి మంత్రివర్గ సభ్యుడు, నాల్గవ లోక్‌సభ సభ్యుడు. టంగుటూరి ప్రకాశం పంతులుకు అత్యంత సన్నిహిత అనుచరుడు. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం నెలకొల్పాలని 1966లో సాగిన ప్రజా ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో ప్రముఖుడు. ఆయన ప్రజాజీవితం బ్రిటిష్ పాలనలోనూ, స్వతంత్ర భారతంలోనూ విస్తరించింది. సభలు, ఊరేగింపులు, నిరసనలపై ప్రభుత్వం ఉంచే నిఘాను, విధించే ఆంక్షలను ఆయన ఉద్యమకారుడిగానూ, అధికార పక్షంలో ఉన్నవాడిగానూ చూశాడు. విశాఖపట్నం రేవు పట్టణంగా, ఆ తరువాత ఉక్కు నగరంగా ఎదిగిన క్రమం ఆయన జీవితంతో ముడిపడి ఉంది.

తొలి జీవితం

విశ్వనాథం విశాఖపట్నం జిల్లాలో జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి విశాఖపట్నంలో న్యాయవాద వృత్తి చేపట్టాడు. ఆనాటి విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా కేంద్రం. జిల్లాలో అధిక భాగం జమీందారీ ప్రాంతం. పశ్చిమాన ఏజెన్సీ కొండలు. వైద్య కళాశాల 1923లో ఏర్పడింది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరువాత వాల్తేరుకు తరలివచ్చింది. ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఈ సంస్థల వలన విద్యార్థులు, కార్మికులు, న్యాయవాదులు పెరిగి, పట్టణంలో సభలకు, ఊరేగింపులకు శ్రోతలు, కార్యకర్తలు సమకూరారు.

ఆనాటి పోలీసు నిఘా

ఆంధ్ర ప్రాంతంలో రాజకీయ సభలపై పోలీసుల నిఘా వందేమాతరం ఉద్యమ కాలంనుండి క్రమబద్ధమైంది. 1907లో బిపిన్ చంద్రపాల్ విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం పట్టణాలలో పర్యటించి ఉపన్యసించాడు. దాదాపు అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో సి.ఐ.డి. విభాగం ఏర్పడింది. ఆ విభాగానికి చెందిన లేఖకులు సభలకు హాజరై ఉపన్యాసాలను సంకేతలిపిలో రాసుకొనేవారు. ఆ రాతలను ఇంగ్లీషులోకి మార్చి పై అధికారులకు పంపేవారు. జిల్లాలనుండి అందిన సమాచారాన్ని క్రోడీకరించి పక్షానికొక నివేదిక చొప్పున మద్రాసు ప్రభుత్వం ఢిల్లీకి పంపేది. ఉపన్యాసంలో రాజద్రోహం ఉన్నదని తోస్తే కేసు పెట్టేవారు. లేనిచో సత్ప్రవర్తనకు జామీను కోరేవారు. సభ జరగకుండానే ఆపదలచినప్పుడు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ జారీ చేసేవాడు.

విశాఖ జిల్లాలో ఈ నిఘా మరింత తీవ్రం కావడానికి మన్యం తిరుగుబాటు ఒక కారణం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడిచేసి ఆయుధాలు తీసుకొనిపోయింది. ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసు, అస్సాం రైఫిల్స్ దళాలను రప్పించవలసివచ్చింది. 1924 మే 7న సీతారామరాజు కాల్చివేతతో తిరుగుబాటు చాలావరకు అణగిపోయింది. కాని జిల్లాలో జరిగే ఏ రాజకీయ కదలికనైనా అనుమానంతో చూసే అలవాటు అధికారులకు మిగిలింది. శాంతియుత కాంగ్రెసు ఉద్యమకారులు ఈ వాతావరణంలోనే పనిచేశారు.

ఈ నివేదికలకు తరువాతి కాలంలో మరొక ప్రయోజనం కలిగింది. మామిడిపూడి వెంకటరంగయ్య సంపాదకత్వంలో వెలువడిన ఆంధ్రలో స్వాతంత్ర్య సమర చరిత్ర సంపుటాలకు ప్రభుత్వ రికార్డులు ముఖ్యమైన ఆధారాలయ్యాయి. ఉద్యమాన్ని అదుపుచేయడానికి రాసిన కాగితాలే ఉద్యమ చరిత్రకు ఆకరాలుగా నిలిచాయి.

స్వాతంత్ర్యోద్యమంలో

1930లో గాంధీజీ పిలుపు మేరకు విశాఖపట్నం సముద్రతీరంలో ఉప్పు సత్యాగ్రహం జరిగింది. విశ్వనాథం, దిగుమర్తి రామస్వామి, దిగుమర్తి జానకీబాయి మొదలైనవారు దీనిలో ముఖ్యపాత్ర వహించారు. ఉప్పు వండి చట్టాన్ని ఉల్లంఘించడం, అరెస్టుకు ఎదురుచెప్పకపోవడం ఈ పోరాట పద్ధతి.

సత్యాగ్రహ పద్ధతిలో రహస్యానికి తావులేదు. దండియాత్రకు ముందు గాంధీజీ తన ఉద్దేశాన్ని వైస్రాయికి లేఖ ద్వారా తెలియజేశాడు. 1940-41లో జరిగిన వ్యక్తి సత్యాగ్రహంలో ఈ నియమం మరింత స్పష్టంగా అమలైంది. సత్యాగ్రహి తాను ఏ రోజున, ఏ చోట యుద్ధ వ్యతిరేక ప్రచారం చేయబోతున్నదీ ముందుగా జిల్లా అధికారులకు తెలిపేవాడు. గూఢచారులు సేకరించవలసిన సమాచారాన్ని ఉద్యమకారుడే అందించడం వలన, అధికారులకు అతడిని అరెస్టు చేయడమా, విడిచిపెట్టడమా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలేది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రేవు, నౌకా నిర్మాణ కేంద్రం ఉన్న విశాఖపట్నం సైనికంగా కీలకమైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు పట్టణంపై బాంబులు వేశాయి. అదే సంవత్సరం ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలై, భారత రక్షణ నిబంధనల కింద నాయకులను విచారణ లేకుండా నిర్బంధించారు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నందుకు విశ్వనాథం జైలు జీవితం గడిపాడు.

అధికార పక్షంలో

1937 ఎన్నికల అనంతరం మద్రాసులో రాజాజీ నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. అందులో రెవెన్యూ మంత్రి అయిన ప్రకాశానికి విశ్వనాథం పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశాడు. జమీందారీ రైతుల స్థితిగతులపై ప్రకాశం అధ్యక్షతన విచారణ సంఘం పనిచేసింది ఈ కాలంలోనే. పాఠశాలల్లో హిందీ బోధనకు వ్యతిరేకంగా 1938లో తమిళ ప్రాంతంలో ఆందోళన చెలరేగినప్పుడు, ఒకనాడు కాంగ్రెసువారిపై ప్రయోగించిన క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టాన్నే కాంగ్రెసు ప్రభుత్వం ఆందోళనకారులపై ప్రయోగించింది. 1946-47లో ముఖ్యమంత్రిగా ఉన్న ప్రకాశం ప్రభుత్వ కాలంలో శాంతిభద్రతల ఆర్డినెన్సు వెలువడి, కమ్యూనిస్టు కార్యకర్తలు పెద్దసంఖ్యలో నిర్బంధానికి గురయ్యారు. విదేశీయులు చేసిన నిర్బంధ చట్టాలు స్వదేశీ ప్రభుత్వాలకూ పనికివచ్చాయనడానికి ఇవి తొలి ఉదాహరణలు.

ప్రకాశం కాంగ్రెసును విడిచి ప్రజాపార్టీ స్థాపించినప్పుడు విశ్వనాథం ఆయన వెంట నడిచాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ప్రకాశం మంత్రివర్గంలో విశ్వనాథం ఆర్థికమంత్రిగా పనిచేశాడు. మద్యనిషేధం వివాదంపై 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తరువాత విశ్వనాథం ప్రధానంగా ప్రతిపక్ష రాజకీయాలలోనే కొనసాగాడు.

విశాఖ ఉక్కు ఉద్యమం

దక్షిణ భారతంలో ఉక్కు కర్మాగారానికి అనువైన స్థలాన్ని పరిశీలించిన ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖపట్నాన్ని సిఫారసు చేసింది. సహజమైన ఓడరేవు, ఖనిజం తెచ్చే రైలుమార్గం ఇందుకు అనుకూలాంశాలు. హోస్పేట, సేలం కూడా పోటీలో ఉండటంతో కేంద్రప్రభుత్వం నిర్ణయాన్ని వాయిదా వేస్తూవచ్చింది. 1966లో రాష్ట్ర శాసనసభ విశాఖకు అనుకూలంగా తీర్మానించింది. అయినా ఫలితం లేకపోవడంతో ఉద్యమం వీధులకెక్కింది. విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు అనే నినాదం రాష్ట్రమంతటా వ్యాపించింది.

1966 అక్టోబరు 15న గుంటూరు జిల్లాకు చెందిన తమనంపల్లి అమృతరావు విశాఖపట్నంలో ఆమరణ నిరాహారదీక్ష ప్రారంభించాడు. అఖిలపక్ష కార్యాచరణకు విశ్వనాథం సారథ్యం వహించాడు. పార్టీలకు అతీతంగా అందరికీ ఆమోదయోగ్యుడు కావడం, వయోవృద్ధుడు కావడం, సత్యాగ్రహ కాలంనుండి ప్రజలకు పరిచితుడు కావడం ఇందుకు తోడ్పడ్డాయి. కాంగ్రెసేతర పక్షాలు, కమ్యూనిస్టులు, విద్యార్థులు, కార్మికులు ఒకే వేదికపైకి వచ్చారు. హర్తాళ్లు, ఊరేగింపులు, తరగతుల బహిష్కరణ సాగాయి.

1966 నవంబరు 1వ తేదీ ఆంధ్రప్రదేశ్ అవతరణకు పది సంవత్సరాలు నిండిన రోజు. ఆనాడే విశాఖపట్నంలో పోలీసులు ప్రదర్శకులపై కాల్పులు జరిపారు. మరణించినవారిలో ఒక బాలుడు కూడా ఉన్నాడు. ఇతర పట్టణాలలోనూ కాల్పులు జరిగాయి. ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయినట్లు సాధారణంగా పేర్కొంటారు. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి హామీ మేరకు నవంబరు 3న అమృతరావు దీక్ష విరమించాడు. కేంద్రం వైఖరికి నిరసనగా పలువురు ప్రతిపక్ష శాసనసభ్యులు పదవులకు రాజీనామా చేశారు.

ఆనాటికి విశాఖపట్నంలో పోలీసు కమిషనరేటు లేదు. శాంతిభద్రతల బాధ్యత జిల్లా కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటులది. వారి చేతిలో ఉన్నది 1898 నాటి కోడే. ఉప్పు సత్యాగ్రహం నాటి మేజిస్ట్రేటుకు ఏ సెక్షన్ అధికారమిచ్చిందో, స్వతంత్ర భారతంలో కర్మాగారం కోరిన పౌరుల విషయంలోనూ అదే సెక్షన్ అమలులో ఉంది. మారినది రాజ్యాంగం. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును 19వ అధికరణం పౌరులకు ఇచ్చింది. శాంతిభద్రతల కొరకు సహేతుకమైన పరిమితులు విధించే అధికారాన్ని ప్రభుత్వానికి మిగిల్చింది. ఈ రెంటి మధ్య సమతౌల్యం ఎక్కడ తప్పుతుందో 1966 నవంబరు 1 నాటి ఘటన తెలుపుతుంది. ఉద్యమ నాయకులెవరో, కోరికేమిటో, దీక్ష ఎప్పుడు మొదలైనదో ప్రభుత్వానికి రెండు వారాలకు పైగా తెలుసు. సమాచారం కొరవడి జరిగిన అనర్థం కాదది. తెలిసిన సమస్యకు సకాలంలో రాజకీయ సమాధానం చెప్పకపోవడం వలన, ఆ భారం వీధిలో నిలిచిన పోలీసుపైన, అతని ఎదుట నిలిచిన విద్యార్థిపైన పడింది.

లోక్‌సభ సభ్యుడిగా

కాల్పులు జరిగిన కొద్ది నెలలకే వచ్చిన 1967 సాధారణ ఎన్నికలలో విశ్వనాథం విశాఖపట్నం నుండి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఉద్యమంపై నగర ప్రజల తీర్పుగా ఈ ఫలితాన్ని భావించవచ్చు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ విశాఖపట్నంతో పాటు సేలం, హోస్పేటలలో కూడా ఉక్కు కర్మాగారాలు నెలకొల్పుతామని పార్లమెంటులో ప్రకటించింది. 1971 జనవరి 20న ఆమె విశాఖలో శంకుస్థాపన చేసింది.

నిర్మాణం మాత్రం దీర్ఘకాలం సాగలేదు. 1979 నవంబరు 10న విశ్వనాథం మరణించేనాటికి కర్మాగారం ఇంకా రూపుదిద్దుకోలేదు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశాడు. దీనికొరకు పదుల సంఖ్యలో గ్రామాల ప్రజలు భూములు వదులుకొన్నారు. వారి ఉపాధి, పునరావాసం కోర్కెలు నగరంలో మరొక తరం ఆందోళనలకు కారణమయ్యాయి.

సాహిత్య కృషి

ప్రకాశం ఆత్మకథ నా జీవిత యాత్ర తెలుగులో వచ్చిన ముఖ్యమైన స్వీయచరిత్రలలో ఒకటి. మొదటి మూడు భాగాలను ప్రకాశం రచించగా, మిగిలిన చరిత్రను నాల్గవ భాగంగా విశ్వనాథం పూర్తిచేశాడు. రాష్ట్రావతరణ, తొలి మంత్రివర్గ పతనం వంటి ఘట్టాలకు దగ్గరి సాక్షి కావడం వలన ఈ భాగానికి చారిత్రక విలువ కలిగింది.

స్మృతి, అనంతర పరిణామాలు

విశాఖపట్నం సాగరతీరంలోని తెన్నేటి పార్కు ఆయన పేరిట వెలసినది. 2004లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది.

ఆయన ఎదుర్కొన్న చట్టాలు పేర్లు మార్చుకొని కొనసాగాయి. 1973 నాటి కొత్త కోడ్‌లో 144వ సెక్షన్ అదే సంఖ్యతో నిలిచింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్ అయింది. 2017 జనవరి 26న ప్రత్యేకహోదా కోరుతూ రామకృష్ణా బీచిలో యువకులు తలపెట్టిన ప్రదర్శనకు పోలీసులు అనుమతి నిరాకరించి, తీరమంతటా బలగాలను మోహరించారు. 2023 జనవరిలో రహదారులపై సభలను నియంత్రిస్తూ 1861 నాటి పోలీసు చట్టం ఆధారంగా రాష్ట్రప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వును అదే సంవత్సరం మే నెలలో హైకోర్టు కొట్టివేసింది.

2021 జనవరి 27న ఉక్కు కర్మాగారంలో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం ఆమోదం తెలిపింది. 1966 నాటి నినాదం నగరంలో మళ్లీ వినిపించింది. కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు రిలే నిరాహారదీక్షలు ప్రారంభించి దీర్ఘకాలం కొనసాగించారు. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఈ ఆందోళనల సందర్భంగా విశ్వనాథం, అమృతరావుల పేర్లు, 1966లో ప్రాణాలర్పించినవారి త్యాగం సభలలో తరచు ప్రస్తావనకు వచ్చాయి.