అమ్మలకు బడి పెట్టిన దుర్గాబాయమ్మ

ఆదివారం పిల్లల్ని బడిలో దింపి, బయట వరండాలో కాఫీ కప్పులతో కూర్చునే అమ్మానాన్నలు మాకందరికీ తెలిసినవాళ్లే. వాళ్లలో కొందరు మెల్లగా మా దగ్గరికొచ్చి, అబ్బాయి హోంవర్కు దిద్దుదామంటే తమకే గుణింతాలు సరిగా రావని చెబుతుంటారు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు కొందరు, తెలుగునాడు బయట పెరిగినవాళ్లు కొందరు. చెప్పేటప్పుడు గొంతులో కాస్త సిగ్గు. ఈసారి సావనీరుకి ఎవరి గురించి రాద్దామా అనుకుంటుంటే మాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తుకొచ్చింది వాళ్ల వల్లే.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె తేల్చి చెబితే, పుట్టింటివాళ్లు అండగా నిలిచారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. బడిలో ఇంగ్లీషులో చదవాలన్నారని అలిగి మానేసి, హిందీ నేర్చుకుని, రాజమండ్రిలోనే బాలికలకు హిందీ పాఠశాల పెట్టారు. అప్పటికి తనే ఇంకా చిన్నపిల్ల! 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసిన కథ మన పిల్లల్లో చాలామంది వినే ఉంటారు. ఆ అమ్మాయి ఈవిడే.

ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. చదువు లేక, చట్టం తెలియక శిక్షలు పడ్డ ఆడవాళ్లను అక్కడ దగ్గరగా చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. కానీ లా చదవాలంటే ముందు మెట్రిక్ ఉండాలి కదా. విడుదలై వచ్చాక, పాతికేళ్ల వయసులో, మళ్లీ పుస్తకాలు ముందేసుకుని బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయ్యారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. ఆనర్సు, 1942లో మద్రాసులో లా డిగ్రీ.

తను గట్టెక్కి ఊరుకోలేదావిడ. 1937లో, ఇంకా తన చదువు నడుస్తుండగానే, మద్రాసు మైలాపూరులో చిన్న బృందాన్ని చేర్చారు. దానికి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని ముద్దుపేరు. అదే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు ఆడవాళ్లను అక్కడ కూర్చోబెట్టి, తను రాసిన ఆ బెనారస్ మెట్రిక్‌కే తయారుచేసేవారు. తను నడిచిన దారే కాబట్టి ఎక్కడ ముళ్లున్నాయో ఆమెకు బాగా తెలుసు.

రాజ్యాంగ సభ సభ్యత్వం, 1952లో ప్రణాళికా సంఘం సభ్యత్వం, 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో వివాహం, ఇవన్నీ పెద్ద పుస్తకాల్లో దొరుకుతాయి. మాకు అంతకన్నా ముఖ్యమనిపించింది 1958 నాటి పని. అప్పటికి ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలు. పల్లెల్లో పంతులమ్మలు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. డబ్బు మంజూరైనా ఆ ఉద్యోగాలకు సరిపడా చదివిన ఆడవాళ్లు దొరకడం లేదు. మరోపక్క మూడో నాలుగో తరగతితో ఆగిపోయిన స్త్రీలు, భర్త పోయినవాళ్లు, విడిచిపెట్టబడినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఈ రెండూ కలిపితే సరిపోతుందని ఆమె లెక్క. పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లకు ఏళ్ల తరబడి సాగే చదువును కుదించి, రెండేళ్లలో పరీక్షకు కూర్చోబెట్టే కోర్సులు మండలి సాయంతో దేశమంతటా మొదలయ్యాయి. చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాల్సిన అవమానం లేదు. పెద్దవాళ్లకు బుర్ర తక్కువ కాదు, తీరిక తక్కువ. ఆ సంగతి గ్రహించిన పథకం అది.

తన మొదటి భర్త సుబ్బారావుగారు పోయాక, ఆయన రెండో భార్య మాయమ్మను దుర్గాబాయి ఆదరించి, హైదరాబాదులో చేతిపనుల శిక్షణ ఇప్పించారు. ఇది చదివినప్పుడు మేము కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత కాలంలో ఆంధ్ర మహిళా సభ హైదరాబాదులో వయోజనుల అక్షరాస్యత పనిని విడిగా చేపట్టింది. 1971లో ఆమెకు నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1981 మే 9న కన్నుమూశారు. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకు ఆమె పేరుంది, అటు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి.

అన్నట్టు, సెలవుల తర్వాత మా బడిలో రెండో గదిని పెద్దవాళ్లకు కేటాయించాం. పిల్లల క్లాసు జరిగే ఆ గంటన్నరే. పలక, బలపం మేమిస్తాం, కాఫీ మాత్రం మీరే తెచ్చుకోవాలి.